మందు కంటే ముందు పైరే కలుపును ఆపాలి

అందరికీ నమస్కారం. గోధుమ మన పంట కాదు, ఆదిలాబాద్ వైపు కొద్దిగా వేస్తారు, అంతకు మించి పెద్దగా లేదు. వరి, పత్తి, మొక్కజొన్న పొలాల మధ్య పెరిగిన వ్యవసాయ కాలేజీ విద్యార్థులైన మీకు వచ్చి గోధుమలో కలుపు గురించి ఎందుకు చెప్తున్నానంటే, ఏటా అదే కలుపు మందు కొట్టుకుంటూ పోతే చివరికి ఏమవుతుందో మన దేశంలో అందరికన్నా ముందు అనుభవించింది హర్యానా, పంజాబ్ గోధుమ రైతులు. వాళ్లకు జరిగింది తెలిస్తే మన వెద వరిలో, అంటే నాట్లు వేయకుండా నేరుగా విత్తే వరిలో, ఎక్కడ జాగ్రత్త పడాలో మీకే అర్థమవుతుంది. వరి దగ్గరికి చివర్లో వస్తాను.

ఆ కలుపు పేరు గుల్లీ డండా. మండూసీ అని కూడా అంటారు. పుస్తకాల్లో పేరు ఫలారిస్ మైనర్, పుట్టిల్లు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల. వరిలో వచ్చే ఊద అనే కలుపు గడ్డి మీకు తెలుసు, లేతగా ఉన్నప్పుడు దాన్ని వరి నుంచి వేరు చేయడం ఎంత కష్టమో కలుపు తీసే ఆడవాళ్లను అడిగితే చెప్తారు. గోధుమలో ఇదీ అంతే. మొలిచిన రెండు మూడు వారాలకు గట్టు మీద నిలబడి చూస్తే చేనంతా ఒకే పచ్చదనం. చేలోకి దిగి, కూర్చుని, ఒక్కో మొక్కను వేరుతో సహా పీకి, ఆకు కాండానికి అతుక్కునే చోట చూడాలి. గోధుమకు అక్కడ కాండాన్ని రెండు వైపుల నుంచీ పట్టుకున్నట్టు చిన్న చెవులు ఉంటాయి, వాటి మీద సన్నటి నూగు. గుల్లీ డండాకు చెవులు ఉండవు, అక్కడ పల్చటి తెల్లటి పొర పొడుగ్గా లేచి కనిపిస్తుంది. (ఊదకు చెవులూ ఉండవు, పొరా ఉండదు, అది మీరు మొదటి ఏడాదిలోనే చదివి ఉంటారు.) ఇంకా కిందికి, కాండం మొదట్లో చూస్తే లేత ఎరుపు, తుంచితే ఎర్రటి రసం వస్తుంది. ఇలా ఒక్కో మొక్కా పీకి చూస్తూ ఎకరాలకు ఎకరాలు కలుపు తీయించడం ఏ రైతుకూ సాధ్యం కాదు, అందుకే అక్కడ మందు రాగానే అంతలా నమ్ముకున్నారు.

ఆ మందు ఐసోప్రొట్యూరాన్. 1980ల్లో హర్యానా, పంజాబ్ అంతటా అదే. చవక, బాగా పనిచేసేది, గోధుమకు ఏమీ కాదు. పదేళ్లకు పైగా అదే పొలంలో అదే వరి, ఆ వెంటనే అదే గోధుమ, అదే మందు. 1990ల మొదట్లో మందు కొట్టినా గుల్లీ డండా చావడం మానేసింది. హిసార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ఆర్.కె. మాలిక్, ఆయన సహచరుడు దీన్ని పరిశీలించి, ఇది కల్తీ మందు సమస్యో, సరిగా కొట్టకపోవడమో మాత్రమే కాదు, కలుపుకే నిరోధకత, అంటే మందును తట్టుకునే శక్తి, వచ్చిందని 1995లో ప్రచురించారు. మరీ ఎక్కువగా వచ్చిన చోట్ల చదరపు మీటరుకు రెండు వేలకు పైగా కలుపు మొక్కలు లెక్కపెట్టారు. గింజ మీద ఆశ వదులుకుని పచ్చి గోధుమను పశువుల మేతకు కోసేసిన రైతులు ఉన్నారు. అప్పు తెచ్చి, దుక్కి దున్ని, ఎరువు వేసి, మందు కూడా కొట్టి, ఆఖరికి మేత కోసుకోవాల్సి వచ్చిన మనిషి పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి.

ఇక్కడ ఒక విషయం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. గోధుమకు ఐసోప్రొట్యూరాన్ ఎందుకు హాని చేయదు? గోధుమ మొక్క లోపల ఉన్న ఎంజైములు, పి450 అనే గుంపుకు చెందినవి, ఆ మందును విరగ్గొట్టి పనికిరాకుండా చేస్తాయి. నిరోధకత వచ్చిన గుల్లీ డండా కూడా సరిగ్గా అదే పద్ధతి పట్టుకుంది, మందు లోపలికి పోతుంది కానీ అది విరగ్గొట్టేస్తుంది. అంటే పైరు బతికే దారినే కలుపూ బతకడం మొదలుపెట్టింది. అలాంటప్పుడు పైరుకు హాని చేయకుండా కలుపును మాత్రమే చంపే ఇంకో మందు వెతకడం ప్రతిసారీ కష్టమవుతూ పోతుంది. 1990ల చివర్లో క్లోడినాఫాప్, ఫెనాక్సాప్రాప్, సల్ఫోసల్ఫ్యూరాన్ వచ్చాయి, కొన్నాళ్లు ఊపిరి పీల్చుకున్నారు, తర్వాత వాటికీ నిరోధకత వచ్చింది. ఇప్పుడు రెండు మూడు రకాల మందులు ఒకేసారి తట్టుకునే గుల్లీ డండా ఉన్న పొలాలు ఉన్నాయి.

మందు మార్చడం ఒక్కటే సమాధానం కాదని దీన్నిబట్టి తేలిపోతోంది. మరి కలుపుతో రోజంతా, రాత్రంతా, నాలుగు నెలలూ పక్కపక్కనే ఉండేది ఎవరు? గోధుమ. ఆ గోధుమను మనం ఎప్పుడైనా కలుపుతో పోరాడమని అడిగామా అన్నదే నా ప్రశ్న.

అడగలేదు. కొత్త రకాలను పరీక్షించే ప్లాట్లు చూడండి, ఎంత శుభ్రంగా ఉంటాయో. కలుపు ఒక్కటి లేకుండా మందు కొట్టి, పైన మనుషులతో ఏరించి, అప్పుడు దిగుబడి చూసి రకాన్ని ఎంపిక చేస్తాం. దిగుబడిని సరిగ్గా పోల్చాలంటే అది అవసరమే, కాదనను. కానీ అలా ఏళ్ల తరబడి చేస్తే కలుపును అణిచే గుణం ఉన్న మొక్క ఏదో, లేని మొక్క ఏదో మనకు కనబడనే కనబడదు. కనబడని గుణాన్ని ఎవరు కాపాడతారు?

పొట్టి రకాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1960ల్లో నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో తయారు చేసిన పొట్టి గోధుమలు, వాటి నుంచి వచ్చిన మన కల్యాణ్ సోనా, సోనాలికా ఈ దేశానికి అన్నం పెట్టాయి. నత్రజని ఎక్కువ వేసినా పడిపోకుండా గింజ నింపగలిగాయి. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే నోరిన్ 10 అనే జపాన్ రకం నుంచి వచ్చిన ఆ పొట్టి జన్యువులు మొక్కను పొట్టిగా ఎలా చేస్తాయంటే, జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోనుకు మొక్క సరిగా స్పందించకుండా చేస్తాయి. దాని ప్రభావం కాండంతో ఆగదు. మొదటి ఆకులు చిన్నవవుతాయి, మొలకను మట్టిలోంచి పైకి తెచ్చే తొడుగు, అదే కోలియోప్టైల్, అదీ పొట్టిదవుతుంది. కాబట్టి లోతుగా విత్తితే మొలక బయటికి రావడానికే ఇబ్బంది పడుతుంది, వచ్చాక కూడా నేలను కప్పడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. ఆ రోజుల్లోనే కలుపు లేస్తుంది.

ఆస్ట్రేలియాలోని వాగా వాగాలో డీర్డ్రీ లెమర్ల్ బృందం ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన రెండు వందలకు పైగా గోధుమ రకాలను రైగ్రాస్ అనే కలుపుతో కలిపి పెంచి చూశారు. పాత పొడుగు రకాలు చాలావరకు కొత్త వాటి కన్నా కలుపును బాగా అణిచాయి. రైగ్రాస్ అక్కడ గుల్లీ డండా లాంటిదే, 1982లోనే దక్షిణ ఆస్ట్రేలియాలో దానికి మందు నిరోధకత వచ్చినట్టు నమోదైంది. మన కన్నా పదేళ్ల ముందు దెబ్బ తిన్నారు కాబట్టి ఆలోచన కూడా ముందే మొదలుపెట్టారు.

అలాగని పాత రకాలకు తిరిగి పోదామా? వద్దు. దిగుబడి పోతుంది, గాలివానకు చేను పడిపోతుంది. ఏ గుణం వల్ల అవి కలుపును అణిచాయో దాన్ని విడదీసి కొత్త రకంలోకి తేవాలి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, దీని మీద కొంచెం నిదానంగా ఆలోచించండి. 1968లో సి.ఎం. డోనాల్డ్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఒక వాదన చేశాడు. మంచి దిగుబడి ఇచ్చే గోధుమ మొక్క పక్క మొక్కతో పోటీ పడని మొక్క అయి ఉండాలి, ఎందుకంటే పక్క మొక్క కూడా గోధుమే, రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటే గింజకు పోవాల్సిన బలం ఆకుకూ కాండానికీ పోతుంది అన్నాడు. అది నిజమే. మరి సాటి గోధుమతో సర్దుకుపోయే మొక్కే కలుపుతో మాత్రం గట్టిగా పోరాడాలంటే ఎలా?

దీనికి సమాధానం కాలంలో ఉంది. వెలుతురు కోసం జరిగే పోటీలో ముందు ఎత్తుకు చేరిన మొక్కకు తన సైజుకు తగ్గ వాటా కాదు, అంతకు మించి దక్కుతుంది, కింద ఉన్నదానికి నీడే మిగులుతుంది. కాబట్టి నాలుగు నెలలూ పోట్లాడే మొక్క మనకు అక్కర్లేదు. మొదటి నాలుగైదు వారాల్లో వేగంగా నేలను కప్పేసి, ఆ తర్వాత మామూలు పొట్టి గోధుమలా సర్దుకుని గింజ నింపుకునే మొక్క కావాలి. మొలిచేటప్పుడు చురుకు, ఎదిగాక అణకువ. ఈ రెండూ ఒకే మొక్కలో ఉండటం సాధ్యమేనని ఇప్పుడు తెలుసు.

ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో రిచర్డ్ రిచర్డ్స్, గ్రెగ్ రెబెట్జ్కీ వాళ్లు చేసిన పని చూడండి. బార్లీ గోధుమ కన్నా తొందరగా నేలను ఎందుకు కప్పుతుందంటే దాని గింజలో పిండం పెద్దది, మొదటి ఆకులు వెడల్పు. అయితే గోధుమలోనూ వెడల్పాటి మొదటి ఆకులు ఉన్న మొక్కలను ఏరి, వాటిని వాటితోనే కలుపుతూ, మళ్లీ ఏరుతూ, తరాల తరబడి ఎంపిక చేశారు. ప్రతి విడతకూ మొలక ఆకు వెడల్పు పెరిగింది, దాంతో తొలి వారాల్లో మొక్క బరువూ పెరిగింది. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఒక స్కేలు చాలు. మొదటి ఆకు వెడల్పు మొలిచిన కొద్ది రోజులకే కొలవొచ్చు, వేల మొక్కల్లో కొలవొచ్చు. ప్లాంట్ బ్రీడింగ్ వైపు వెళ్లాలనుకునే వాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

పొట్టితనానికి కూడా వేరే జన్యువులు ఉన్నాయి. ఆర్‌హెచ్‌టి8, ఆర్‌హెచ్‌టి18 లాంటివి కాండాన్ని పొట్టిగా ఉంచుతాయి కానీ జిబ్బరెల్లిన్‌కు మొక్క స్పందిస్తూనే ఉంటుంది, అందుకని మొలక తొడుగు పొడుగ్గా ఉంటుంది. హర్యానాకు ఇది ఎందుకు పనికొస్తుందో ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే రకం ఒక్కటే కలుపును గెలవదు, సేద్యం దానితో జత కలవాలి.

గుల్లీ డండాకు చలి కావాలి. నవంబర్ మధ్యకు వచ్చేసరికి నేల చల్లబడి అది గుంపులుగా మొలుస్తుంది. అక్టోబర్ చివరి వారంలో, నవంబర్ మొదటి రోజుల్లో నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, గోధుమ మొలుస్తుంది, కలుపు అంతగా మొలవదు. ఆ పది పదిహేను రోజులు ముందు విత్తగలిగితే కలుపు మొలిచే నాటికి గోధుమ నేలను చాలావరకు ఆక్రమించి ఉంటుంది. అయితే వెచ్చటి నేలలో మొలక తొడుగు ఇంకా పొట్టిదవుతుంది, పై మట్టి ఆరిపోతే తేమ కోసం విత్తనం లోతుగా పడాలి. పొడుగు తొడుగు ఉన్న రకం కావాలనేది అందుకే. ఇంకొకటి, ముందు విత్తిన రకం తొందరపడి చలి మధ్యలో కంకి వేస్తే నష్టం, కాబట్టి ముందు విత్తినా తొందరగా పూత పట్టని రకం కావాలి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ దున్నకుండా, ముందుగా విత్తే సేద్యం కోసమే ప్రత్యేకంగా హెచ్‌డీసీఎస్‌డబ్ల్యూ 18 అనే రకాన్ని తీసుకొచ్చింది. ఇలాంటి పని ఇంకా చాలా జరగాలి.

అసలు ముందు విత్తాలంటే వరి ముందు కోతకు రావాలి కదా. పూసా 44 లాంటి వరి విత్తిన దగ్గర్నుంచి దాదాపు 160 రోజులు తీసుకుంటుంది. పీఆర్ 126 అంతకన్నా నెల రోజులకు పైగా ముందే వస్తుంది. కాబట్టి గోధుమలో కలుపు నివారణ జూన్‌లో వరి రకం ఎంచుకునేటప్పుడే మొదలవుతుంది. ఒక పంట సమస్యకు ఇంకో పంటలో మందు ఉంటుందని మనం తరచూ మర్చిపోతాం.

వరి కోశాక దున్నకుండా విత్తడం, అదే జీరో టిల్లేజ్, హర్యానాలో ఈ గుల్లీ డండా సంక్షోభం వల్లనే రైతుల దాకా చేరింది. దున్నితే లోపల ఉన్న కలుపు గింజ పైకి వస్తుంది, వెలుతురు, గాలి తగిలి మొలుస్తుంది. దున్నకపోతే చాలా గింజ అలా లోపలే ఉండిపోతుంది. దాని మీద వరిగడ్డి పరుపులా ఉంటే మొలిచేది ఇంకా తగ్గుతుంది. గడ్డిని తగలబెట్టకుండా దాంట్లోనే గోధుమ విత్తే హ్యాపీ సీడర్‌ను 2000ల మొదట్లో లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఆస్ట్రేలియా పరిశోధకులతో కలిసి తయారు చేసింది. ఢిల్లీ పొగ గురించి టీవీలో చూసినప్పుడల్లా గడ్డి తగలబెట్టే రైతును తిట్టడమే వింటాం. ఆ గడ్డి పొలంలోనే ఉంటే కలుపును అణుస్తుందని రైతుకు చెప్పి, యంత్రం అద్దెకు దొరికేలా చేస్తే ఎక్కువ ఫలితం ఉంటుందని నా నమ్మకం. గడ్డి కుప్పలు కుప్పలుగా పడితే మాత్రం పని జరగదు, హార్వెస్టర్ వెనక గడ్డిని సమంగా చిమ్మే పరికరం ఉండాలి. కుప్ప కింద గోధుమ కూడా మొలవదు.

సాళ్ల సంగతి. మామూలుగా 22.5 సెంటీమీటర్ల ఎడం పెడతారు, దాన్ని 15కు తగ్గిస్తే సాళ్ల మధ్య నేల త్వరగా కప్పుకుంటుంది. ఎకరాకు 40 కిలోల విత్తనం బదులు 50 కిలోలు వేస్తే ఇంకా త్వరగా. సగం విత్తనం నిలువుగా, సగం అడ్డంగా విత్తే పద్ధతీ ఉంది. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో జేకబ్ వైనర్ బృందం 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో, గోధుమ మొక్కలు సాళ్లలో ఇరుక్కోకుండా అన్ని వైపులా సమాన దూరంలో ఉన్నప్పుడు కలుపు బరువు 30 శాతం తగ్గింది. విత్తనం మరీ పెంచితే చేను పడిపోతుంది, అది గమనించుకోవాలి.

సాళ్ల దిక్కు కూడా ముఖ్యమే, దీన్ని చాలామంది పట్టించుకోరు. పశ్చిమ ఆస్ట్రేలియాలో కాథరిన్ బోర్గర్ బృందం చేసిన ప్రయోగాల్లో తూర్పు పడమరలుగా విత్తిన గోధుమలో, ఉత్తర దక్షిణాలుగా విత్తిన దానితో పోలిస్తే, కలుపు బరువు 51 శాతం తగ్గింది, దిగుబడి 24 శాతం పెరిగింది. చలికాలంలో సూర్యుడు ఒక పక్కకు వాలి ఉంటాడు కాబట్టి తూర్పు పడమర సాలు తన నీడను పక్క సందులో పరుస్తుంది. ఆ ప్రాంతం భూమధ్యరేఖకు దక్షిణంగా ఎంత దూరమో, హర్యానాలోని కర్నాల్ ఉత్తరంగా దాదాపు అంతే దూరం. మడి ఆకారం అనుకూలిస్తే ఇది పైసా ఖర్చు లేని పని.

ఎరువు కూడా చల్లడం కాకుండా గింజ పక్కన పడేలా వేయాలి, చల్లితే సాళ్ల మధ్య ఉన్న కలుపుకు మనమే భోజనం పెట్టినట్టు. మొదటి తడి దాదాపు 21 రోజులకు ఇస్తారు, ఆ తడికి గుల్లీ డండా రెండో విడత మొలుస్తుంది, ఆ సమయానికి నేల ఎంత కప్పుకుని ఉందన్నదే అసలు పరీక్ష. రెండు మూడేళ్లకొకసారి గోధుమ మానేసి బర్సీమ్ మేత వేస్తే, కోతకు కోతకు గుల్లీ డండా కూడా తెగిపోతుంది, విత్తనం కట్టే అవకాశమే దానికి దొరకదు.

ఆస్ట్రేలియాలో చేసిందంతా ఇక్కడ పనికిరాదు, అదీ చెప్పాలి. రే హారింగ్టన్ అనే రైతు అక్కడ హార్వెస్టర్‌లోనే కలుపు గింజను పొడి చేసే యంత్రం కనిపెట్టాడు, గొప్ప ఆలోచన. రైగ్రాస్ గింజ కోత దాకా కంకిలోనే నిలుస్తుంది కాబట్టి అక్కడ నడుస్తుంది. గుల్లీ డండా గోధుమ కోతకు ముందే చాలావరకు గింజ రాల్చేస్తుంది. యంత్రం వచ్చేసరికి గింజ నేల మీద ఉంటుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ఇవన్నీ చేస్తే మందు పూర్తిగా మానేయొచ్చా అని అడుగుతున్నారు. గుల్లీ డండా నిండిపోయిన పొలంలో మానేయమని నేను చెప్పను. పైరు సగం పని చేసి పెడితే మందు మీద పడే భారం తగ్గుతుంది, బతికి బయటపడే కలుపు మొక్కలు తగ్గుతాయి, నిరోధకత రావడం నెమ్మదిస్తుంది. మందును ఎక్కువ కాలం కాపాడుకోవాలన్నా పైరే గట్టిగా ఉండాలి.

వరికి ఇది వర్తిస్తుందా అని ఇంకో ప్రశ్న. వర్తిస్తుంది. నాట్లు వేసినప్పుడు వరికి మూడు నాలుగు వారాల ముందస్తు వయసు ఉంటుంది, పైన నీళ్లు ఉంటాయి, ఈ రెండూ కలుపును ఆపేవి. వెద పద్ధతిలో రెండూ పోతాయి, ఊద, వరి ఒకే రోజు మొలుస్తాయి. 2021లో విడుదలైన పూసా బాస్మతి 1979, పూసా బాస్మతి 1985 అనే రెండు వరి రకాలు ఇమాజెథాపైర్ అనే కలుపు మందును తట్టుకుంటాయి, రైతుకు తేలికే. కానీ మళ్లీ ఒకే మందు మీద పడటం అవుతుంది, ఆ గుణం అడవి వరిలోకి దాటే ప్రమాదమూ ఉంది. నాకు ఎక్కువ ఆశ కలిగించే పని వేరే ఉంది. మయన్మార్‌కు చెందిన ఖావ్ హ్లాన్ ఆన్ అనే నాటు వరి నీటి అడుగున కూడా మొలుస్తుంది, దాంట్లోని ఏజీ1 జన్యు భాగాన్ని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు గుర్తించారు. అలాంటి వరిని వెదజల్లి వెంటనే నీళ్లు పెడితే వరి మొలుస్తుంది, కలుపు చాలావరకు ఊపిరాడక ఆగిపోతుంది. చదును చేసిన మడి, చేతిలో నీళ్లు ఉన్న చోట ఇది బాగా కుదిరే పద్ధతి.

ఆఖరి ప్రశ్న, మీ కాలేజీ ఫార్మ్‌లో చిన్న స్థలంలో ఈ గుణాన్ని ఎలా పరీక్షించాలని. ప్రతి రకాన్నీ రెండు ముక్కలుగా వేయండి, ఒకటి కలుపు లేకుండా, ఒకటి కలుపు గింజ సమంగా చల్లి. సహజంగా వచ్చే కలుపును నమ్ముకోకండి, ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ ఉండి లెక్క తప్పుతుంది. వారం వారం అదే ఎత్తు నుంచి ఫోన్‌తో నిలువుగా కిందికి ఫొటో తీసి, పైరు నేలను ఎంత శాతం కప్పిందో చూడండి. చివర్లో రెండు ముక్కల గింజ దిగుబడీ తూచండి, కలుపు బరువు కూడా విడిగా తూచండి. ఈ రెండోది వదిలేయొద్దు, ఎందుకంటే కొన్ని రకాలు కలుపు ఉన్నా దిగుబడి ఇస్తాయి కానీ కలుపును మాత్రం ఏమీ చేయవు, అది హాయిగా గింజ రాల్చి వచ్చే ఏడాదికి సిద్ధమవుతుంది. మనకు కావాల్సింది కలుపు బరువు తగ్గించిన రకం. ముందు దాని ప్రకారం వరసలో పెట్టుకుని, అందులో దిగుబడి బాగున్న వాటిని తర్వాత ఏరుకోండి.